ఏడు సెకన్ల పాఠం

ఎదురుగా ఎర్రదీపం వెలుగుతూనే ఉంది, డ్రైవరు నిదానం కళ్లు రెప్పవాల్చకుండా దాన్నే చూస్తున్నాయి, అయినా అతని ఎడమచెయ్యి బ్రేకు వదిలేసింది.

వెనక నిలబడి చూస్తోంది డాక్టరమ్మ. నిజం రైలు కాదు కాబట్టి సరిపోయింది. అది డ్రైవర్ల శిక్షణ పాఠశాల మేడ మీద ఉన్న ఉత్తుత్తి ఇంజను గది. సీటూ, మీటలూ, బ్రేకు పిడీ అన్నీ అసలువే. ముందు అద్దం ఉండాల్సిన చోట తెర, కింద పట్టాలు ఉండాల్సిన చోట సిమెంటు నేల. అందరూ దాన్ని డబ్బా అంటారు. తెర మీద బండి మెల్లగా కదిలింది. ఎర్రదీపాన్ని దాటింది. ముందు ఆగి ఉన్న గూడ్సు వెనక పెట్టె దగ్గరకొచ్చింది, ఇంకా దగ్గరకొచ్చింది, తెర నల్లబడిపోయింది.

"ఏమైంది మేడమ్? కరెంటు పోయిందా?" అన్నాడు నిదానం సీట్లోంచి వెనక్కి తిరిగి.

"మీరెందుకు కదిలారు?"

"పచ్చ పడింది కదండీ."

పచ్చ పడలేదు. పడకుండా తనే మీట బిగించి పెట్టింది డాక్టరమ్మ.

కిందటి శుక్రవారం నిజం పట్టాల మీద కూడా అచ్చం ఇదే జరిగింది. నిదానం ఆగాల్సిన చోట ఆగాడు, ఆగినవాడు ఆగినట్టు ఉండక కదిలాడు, ముందున్న గూడ్సును వెనక నుంచి గుద్దాడు. పదకొండు మంది ప్రయాణికులకు దెబ్బలు తగిలాయి. గూడ్సు గార్డు ఆస్పత్రిలో ఇంకా కళ్లు తెరవలేదు. ఇంజన్లో ఉన్న రికార్డరేమో దీపం ఎర్రగానే ఉందంటోంది. నిదానమేమో పచ్చ చూశానని ఒట్టేస్తున్నాడు. అతి జాగ్రత్తకి తోటివాళ్లు పెట్టిన పేరు నిదానం. ఆ పేరే ఇప్పుడు నవ్వులపాలైంది. నిద్రపోయుండాలి, లేదా అబద్ధమాడుతుండాలి అని విచారణాధికారి తేల్చేశాడు. ఇవాళ సాయంత్రం ఐదింటికి నివేదిక మీద సంతకం. సంతకం పడితే ఉద్యోగం పోతుంది, ఆ వెంటనే పోలీసులు.

డాక్టరమ్మ మందులిచ్చే డాక్టరు కాదు. డ్రైవర్ల చూపు, చురుకు, జ్ఞాపకం పరీక్షించి బండి నడపడానికి పనికొస్తారో లేదో చెప్పే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు. ఎనిమిది నెలల కిందట నిదానానికి యోగ్యతాపత్రం ఇచ్చింది తనే. అందుకే ఒక్కరోజు గడువు అడిగింది. ఆ రోజు ఇవాళే. గోడ గడియారంలో మధ్యాహ్నం రెండు దాటింది.

"ఇంకోసారి చేద్దాం" అంది.

"కానివ్వండమ్మా, కానివ్వండి" అన్నారు మాస్టారు.

మాస్టారు డబ్బా పక్కనున్న మీటల బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. తెల్లటి జుట్టు, ఇస్త్రీ నలగని చొక్కా. ముప్పైయేళ్లు బండి నడిపి, ఆ తర్వాత ఈ బడికొచ్చారు. ఆయన 'శభాష్' అంటే చాలు, బడిలో ఎవరికైనా పతకం వచ్చినంత సంబరం. నిదానం మీద నింద పడ్డాక వెనకేసుకొచ్చిన ఒకే ఒక్క మనిషి ఆయనే. "నా చేతికింద తయారైనవాడు తప్పు చెయ్యడు" అని విచారణలో బల్ల గుద్ది చెప్పారు.

డాక్టరమ్మకు అర్థం కానిది ఒకటే. పొద్దున్న యార్డులో పాత ఇంజను మీద ఇతన్ని పద్నాలుగు ఎర్రదీపాల ముందు ఆపింది. పద్నాలుగుసార్లూ రాయిలా కూర్చున్నాడు. డబ్బాలోకి రాగానే మొదటి దీపానికే కదిలాడు. అదే మనిషి, అదే దీపం. మరి తేడా ఏమిటి?

సీటా? వెలుతురా? ఒక్కొక్కటే తీసేసి చూడాలి. కుర్చీ మెత్త మార్పించింది, మళ్లీ కదిలాడు. లైట్లు ఆర్పించింది, మళ్లీ కదిలాడు. ప్రతిసారీ "పచ్చ పడింది కదండీ" అనే మాటే.

"మాస్టారూ, ఎర్రదీపం దగ్గర ఆగగానే ఏదో మోగుతోంది?"

"హెచ్చరిక గంటమ్మా. టింగుమంటుంది. పాత ఇంజన్లలో బుర్రుమంటుంది చూడండి, దానికి బదులు."

"కొత్త ఇంజన్లలో?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "వాటిలోనూ ఇదే."

శుక్రవారం నిదానం నడిపింది కొత్త ఇంజను. చేతికొచ్చిన మొదటి రోజు.

"గంట ఆపెయ్యండి" అంది డాక్టరమ్మ.

గంట లేకుండా నిదానం బండి ఆపాడు. ఒక నిమిషం గడిచింది. రెండు. నాలుగు నిమిషాలు గడిచినా పిడి మీద చెయ్యి కదల్లేదు. ఐదో నిమిషంలో ఆవులించాడు కూడా. మళ్లీ గంట పెట్టించింది. టింగుమంది. కళ్లు ఎర్రదీపం మీదే ఉన్నాయి. చెయ్యి మాత్రం తన దారిన తాను పోయింది.

అప్పుడు చూసింది డాక్టరమ్మ అతని కుడికాలు. అరికాలు నేల మీదే ఉంది, మడమ ఒక్కటే లేచి పడుతోంది. ఆ తాళం ఆగగానే బ్రేకు వదిలాడు.

మూలనున్న కెమెరాలో అదంతా పడింది. నిదానాన్ని బయటకు పిలిచి చూపించింది. తలుపు పక్క బల్ల మీద అతని భార్య కూర్చుని ఉంది. బట్టలు కుట్టే మనిషి, ఇవాళ పని మానుకుని వచ్చింది. ఆమె కూడా లేచి వచ్చి భర్త భుజం మీదుగా తొంగిచూసింది.

"దీపం ఏ రంగుందో చెప్పండి" అంది డాక్టరమ్మ.

నిదానం మొహంలో రంగులు మారాయి. "ఎరుపే. కానీ మేడమ్, మా అమ్మ మీదొట్టు, నేను పచ్చ చూశాను. ఇప్పటికీ నా కళ్లల్లో ఉందది."

"ఉందనే నమ్ముతున్నాను. చెయ్యి ముందు కదిలింది. కదిలాక, ఎందుకు కదిలిందా అని బుర్ర వెతుక్కుంది. పచ్చ పడితే తప్ప మీరు కదలరు కదా, అందుకని పచ్చదీపం తనే వేసుకుంది. మీరు అబద్ధం ఆడలేదు. మీ జ్ఞాపకం మీకు అబద్ధం చెప్పింది."

"నాలాంటి జాగ్రత్తపరుడిక్కూడా చెబుతుందా అది?" అన్నాడు నిదానం.

"అందరికీ చెబుతుంది. సరే, ఇప్పుడు మీ మడమ చూడండి."

బొమ్మ మళ్లీ వేసింది. టింగ్. ఒకటి, రెండు, మూడు... ఏడు. చెయ్యి కదిలింది.

నిదానం భార్య నోరు నొక్కుకుంది. తర్వాత, నవ్వకూడని చోట నవ్వొచ్చినట్టు, కిసుక్కుమంది.

"ఏమిటే?" అన్నాడు నిదానం చిరాగ్గా.

"ఆ మడమేనండీ! మేడమ్‌గారూ, మా ఇంట్లో పాలు వేడిచేసుకునే మైక్రోవేవ్ ఉంది. అది టింగుమంటే చాలు, ఈయన మడమ కొట్టుకోవడం మొదలు. మా పాప పక్కన కూర్చుని లెక్కపెడుతుంది. ఏడు అవగానే 'నాన్న లేచాడు' అని అరుస్తుంది. లేచి పాలు తీసుకొస్తారు. ఒక్కరోజు కూడా ఆరు కాదు, ఎనిమిది కాదు. మా ఇంట్లో అదొక ఆట."

"పాలు కాస్త చల్లారనీ అని ఆగుతాను, అంతే."

"ఏడు సెకన్లలో ఏం చల్లారతాయండీ? నాలిక కాల్చుకుంటారు రోజూ!"

డాక్టరమ్మ నవ్వలేదు. తనకే తెలియని లెక్క ఒకటి ఈ మనిషి ఒంట్లో నడుస్తోంది. పాలకూ అదే లెక్క, పట్టాలకూ అదే లెక్క. ఎవరో నేర్పితే తప్ప ఒళ్లు అలాంటి లెక్క నేర్చుకోదు. ఒకసారి రెండుసార్లు కాదు, వందసార్లు నేర్పి ఉండాలి.

"ఇప్పుడు మీకు సంగతి తెలుసు కదా. ఇంకొక్కసారి కూర్చోండి. కదలకూడదు అని గట్టిగా అనుకోండి."

నిదానం కూర్చున్నాడు. టింగ్. పిడిని పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. మడమ మాత్రం ఏడుసార్లూ కొట్టుకుంది. ఏడో దెబ్బకి మణికట్టు ఒక్కసారి ఎగిరిపడింది. ఎలాగో ఆపుకున్నాడు. కిందికి దిగి మెట్టు మీద కూలబడ్డాడు.

"మేడమ్, నా చెయ్యి నా మాట వినట్లేదు" అన్నాడు.

భార్య వచ్చి పక్కన కూర్చుంది. ఈసారి నవ్వలేదు. ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

మూడున్నరకి విచారణాధికారి మెట్లెక్కి వచ్చాడు. మాట్లాడే ప్రతి మాటకీ మధ్య చేతి గడియారం చూసుకుంటాడని ఆయనకు చాటుగా 'గడియారం' అని పేరు.

"గంటన్నర ఉంది డాక్టర్‌గారూ. ఏమైనా తేలిందా, ఊరికే కాలక్షేపమా?"

చెప్పింది. ఆయన వింటూ రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

"అంటే, కుక్కకి గంట కొట్టి అన్నం పెడితే, తర్వాత ఉత్త గంటకే నోరూరుతుందంటారే, అదా?"

"దాని బంధువే సార్. ఇక్కడ అన్నం బదులు పచ్చదీపం. గంట మోగిన ఏడు సెకన్లకి పచ్చ, పచ్చ పడగానే బ్రేకు వదలడం, వదిలితే శభాష్. అలా వందలసార్లు జరిగితే ఇక పచ్చతో పని లేదు. ఏడు చాలు."

"బాగుంది కథ. ఐదేళ్లుగా ఇతను వేల ఎర్రదీపాల దగ్గర బుద్ధిగా ఆగాడే. అప్పుడేమైంది మీ ఏడు?"

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తోంది డాక్టరమ్మ. "పాత ఇంజన్లలో గంట బుర్రుమంటుంది. అక్కడ వేరే పాఠం నేర్చుకున్నాడు. కొత్త పాఠం పాతదాన్ని చెరిపెయ్యదు సార్, దాని మీద దుప్పటిలా పరుచుకుంటుంది. శుక్రవారం ఆ టింగ్ వచ్చి దుప్పటి లాగేసింది."

"ఒక్క మనిషిని చూసి ఇంత చెబుతారా?"

"చెప్పను. ఇంకో ఇద్దర్ని చూద్దాం. మీరే ఎంచండి."

కింద విశ్రాంతి గదిలో ఉన్నవాళ్లలోంచి ఇద్దర్ని ఆయనే వేలుపెట్టి చూపించాడు. మొదటివాడు పెద్దాయన, డబ్బా రాకముందు నేర్చుకున్న డ్రైవరు. టింగుమన్నా మూడు నిమిషాలు కూర్చుని, "ఇంకెంతసేపండీ, నడుం లాగేస్తోంది" అని గొణిగాడు. రెండోవాడు రెండేళ్ల కిందట ఇదే డబ్బాలో నేర్చుకున్న కుర్రడ్రైవరు. ఏం పరీక్షో కూడా చెప్పలేదు అతనికి. ఎక్కాడు, కాలర్ సర్దుకున్నాడు, ఎర్రదీపం దగ్గర ఆపాడు. టింగ్. ఇతనికి మడమ కాదు, బొటనవేలు. పిడి మీద మెత్తగా ఏడుసార్లు ఆడింది.

చెయ్యి కదిలింది. తెర నల్లబడింది.

"పచ్చ పడింది కదా సార్?" అన్నాడు కుర్రడ్రైవరు అందరి మొహాలూ చూస్తూ.

గడియారం ఈసారి గడియారం చూసుకోలేదు.

"డబ్బాలో నేర్చుకున్నవాళ్లు ఎంతమంది?" అంది డాక్టరమ్మ.

జవాబు మాస్టారు చెప్పాలి. ఆయన మళ్లీ కళ్లజోడు తుడుచుకుంటున్నారు. నిదానమే లెక్కేసి చెప్పాడు. "ఆరేళ్లలో నూట అరవై రెండు మంది మేడమ్."

కుర్రడ్రైవర్ని పంపేశాక విచారణాధికారి గొంతు తగ్గించాడు. "ఈ యంత్రం తయారుచేసినవాళ్లదేనా తప్పు?"

"వాళ్ల పుస్తకం చదివాను. ఎర్రదీపం ఎంతసేపు ఉండాలో యంత్రం ప్రతిసారీ మార్చాలని రాశారు. ఇరవై సెకన్ల నుంచి నాలుగు నిమిషాల దాకా, ఎప్పుడెంతో ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే లెక్కపెట్టడం నేర్చుకుంటారని వాళ్లకీ తెలుసు." డాక్టరమ్మ మీటల బల్ల దగ్గరకు నడిచింది. "ఈ డబ్బాకి కూడా జ్ఞాపకం ఉంటుంది సార్. నడిపిన ప్రతి పాఠాన్నీ దాచుకుంటుంది. దాని జ్ఞాపకం మనదిలా కథలల్లదు. మూడింటికి టీకి అందరూ కిందికి వెళ్లినప్పుడు కాగితం తీయించాను."

పొడుగాటి కాగితం బల్ల మీద పరిచింది. మొదటి బ్యాచ్‌కి అంకెలు చిందరవందరగా ఉన్నాయి. నూట పది, ముప్పై ఆరు, రెండు వందల నాలుగు. రెండో బ్యాచ్ నుంచి ఏడు. ఏడు. ఏడు. కాగితం పొడుగునా ఏడు.

"కింద చూడండి. కిందటి శనివారం పొద్దున్న, ప్రమాదం జరిగిన మర్నాడు, మళ్లీ నలభై మూడు, నూట పద్దెనిమిది, ఇరవై ఆరు. ఎవరో దాన్ని ఏడులో బిగించారు. ప్రమాదం సంగతి వినగానే వచ్చి విప్పేశారు. ఈ బల్ల తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది మాస్టారూ?"

మాస్టారు నవ్వారు. నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. "యంత్రం పాతబడిపోయిందమ్మా. దాని అంకెలు నమ్మి మనుషుల్ని అనుమానిస్తే ఎలా?"

"మాస్టారూ..." అన్నాడు నిదానం. అంతే అన్నాడు.

ఆయన శిష్యుడి వైపు చూడలేదు. "ఒరేయ్ నాన్నా, నిన్ను నేను వదిలెయ్యనురా. మంచి వకీలుని పెడదాం. నేనే మాట్లాడతాను."

"వకీలు నా చేతిని ఆపుతాడా మాస్టారూ?"

విచారణాధికారి కాగితం మడతపెట్టాడు. "ఇది తేలడానికి రోజులు పడుతుంది. అదృష్టం కొద్దీ శనివారం నుంచే కొత్త ఇంజన్లని షెడ్డులో పెట్టించాం. లేకపోతే..." అని ఆగి, ఏదో గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు. "కాదు కాదు. ఇంజన్ల తప్పేమీ లేదని నిన్న నేనే రాసిచ్చాను. ఇవాళ మధ్యాహ్నం నుంచి మళ్లీ లైను మీదకి పంపుతున్నారు."

మాస్టారు కుర్చీలోంచి సగం లేచారు. "ఏ బండ్లకి?"

"అన్నిటికీ."

"నాలుగింటి బండికి కూడానా?"

"అన్నిటికీ అన్నాను కదండీ."

గోడ గడియారం నాలుగూ పది చూపిస్తోంది.

మాస్టారు పూర్తిగా లేచి నిలబడ్డారు. చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు.

"నేనే బిగించాను" అన్నారు. "నన్ను ఆపకండి, ఆపితే మళ్లీ చెప్పలేను. మొదటి బ్యాచ్‌లో ముప్పై మందిలో పందొమ్మిది మంది తప్పారు. ఎర్రదీపం ముందు మూడు నిమిషాలు కూర్చోలేక కదిలిపోయేవాళ్లు. పైనుంచి చీటీ వచ్చింది, ఇలాగైతే బడి మూసేస్తామని. ఉన్నది ఒక్క డబ్బా. తలకి రోజుకి నలభై ఎర్రదీపాలు చూపించాలి, బయట వరసలో ముప్పై మంది. ఎర్రదీపం దగ్గర ఆగడం నేర్పితే చాలనుకున్నాను. ఎంతసేపు ఆగాలన్నది కూడా పాఠమేనని నాకు తట్టలేదు. ఏడు ఎందుకంటే కారణం లేదు, ఆ యంత్రంలో అంతకన్నా తక్కువ లేదు. ఆ ఏడాది అందరూ పాసయ్యారు. శభాష్ అన్నాను. వాళ్లూ మురిసిపోయారు, నేనూ మురిసిపోయాను."

"గంట?" అంది డాక్టరమ్మ మెల్లగా.

"అదీ నేనే. కొత్త ఇంజన్లకి ఏ శబ్దం పెడదామని కమిటీలో నన్ను అడిగారు. డబ్బాలోదే పెట్టండి, పిల్లలకి అలవాటైన గొంతు అన్నాను. శుక్రవారం రాత్రి ప్రమాదం మాట వినగానే నాకు అర్థమైపోయింది తల్లీ. మీలా శాస్త్రం చదివి కాదు. నా మనసుకి తెలిసిపోయింది. వీణ్ణి కాపాడాలనే అనుకున్నాను, కానీ నోరు పెగల్లేదు. వకీలుతో సరిపెట్టుకుందామనుకున్నాను. ఇంజన్లు షెడ్డులోనే ఉన్నాయి కదా, ఇంకెవరికీ ఏమీ కాదు కదా అనుకున్నాను."

విచారణాధికారి చెయ్యి బల్ల మీదున్న ఫోను వైపు వెళ్లింది. "కంట్రోలు గదికి చెప్పి ముందు ఆ నాలుగింటి బండిని ఆపిస్తాను."

"ముట్టుకోకండి సార్!" మాస్టారు అరిచారు. ఆ గొంతు ఆ బడిలో ఎవరూ ఎప్పుడూ విని ఉండరు. "ఆ బండి నడుపుతున్నది మా అమ్మాయి. నా బ్యాచ్‌లో ఫస్టు వచ్చింది. డబ్బాలో రోజుకి నలభై దీపాలు చాలవని ఇంట్లో కూడా నేర్పాను. స్టూలు మీద కూర్చోబెట్టి, చెంచాతో గాజుగ్లాసు మీద టింగుమనిపించి, నెలరోజులు ఏడు లెక్కపెట్టించాను. నూట అరవై రెండు మందిలో నా పాఠం అంత బాగా ఇంకెవరికీ ఒంటబట్టలేదు. ఇప్పుడు తను ఊరవతల ఎర్రదీపం ముందు ఆగి ఉంటుంది. రోజూ అక్కడ ఆగుతుంది. గంట ఒకసారి మోగే ఉంటుంది, ఆ ఏడు తను ఎలాగో దాటేసిందనే నమ్ముతాను. కానీ మీరు ఫోను ఎత్తితే... కొత్త ఇంజన్లో కంట్రోలు గది పిలుపుకి వేరే శబ్దం ఎందుకు, అది కూడా టింగుమనే మోగనివ్వండి అన్నాను సార్. అది కూడా నేనే అన్నాను."